బందీ తానే, బందిపోటు తానే

అమెరికా సినిమాలో దిక్కుతోచనివాడికి ముందు తుపాకి దొరుకుతుంది, తర్వాత బందీలు దొరుకుతారు, చివర్లో న్యాయం దొరుకుతుంది. 2002లో వచ్చిన ‘జాన్ క్యూ’ చూడండి. కొడుక్కి గుండె మార్చాలి. ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆసుపత్రి ముందు డబ్బు కట్టమంటుంది. తండ్రి వేషం వేసిన డెంజెల్ వాషింగ్టన్ ఎమర్జెన్సీ వార్డు తలుపులు మూసి, లోపలున్న డాక్టర్నీ రోగుల్నీ పట్టి కూర్చుంటాడు. బయట పోలీసులు మోహరిస్తారు, టీవీ బండ్లు వచ్చి వాలతాయి, జనం చప్పట్లు కొడతారు. మనం సోఫాలో కూచుని చూసి కళ్లు తుడుచుకుంటాం. పాపం, ఒక మామూలు మనిషిని సమాజం ఎంత దూరం తోసిందో చూశావా అని పక్కవాళ్లతో అంటాం. అదే రాత్రి కింద వాచ్‌మన్ వచ్చి రెండు వేలు అడ్వాన్సు అడిగితే, వచ్చే నెల చూద్దాంలే అంటాం.

ఇలాంటి సినిమా తెలుగులో ఒకటి తీయాలని ఉబలాటపడే దర్శకులకు లోటు లేదు. వాళ్లకు అడ్డం పడేదల్లా నేటివిటీ. మన పల్లెటూరి మనిషి బ్యాంకులో జొరబడి నలుగురిని తుపాకితో నిలబెట్టాడంటే ప్రేక్షకుడు నమ్మడట. నిజమే, నమ్మడు. బ్యాంకులో క్రాప్‌లోను రెన్యూవల్‌కు పోయినప్పుడు మేనేజరు గది ముందు చెప్పులు విడిచి నిలబడేవాడు, అదే గదిలో తుపాకి తీశాడంటే ఎవడు నమ్ముతాడు? అందుకని దర్శకులకు ఒక లొకేషన్ సిఫారసు చేస్తాను. చెల్పూరుకు రండి.

హుజూరాబాద్ పక్కనున్న చెల్పూరు కాదు. పరకాల నుంచి రేగొండ మీదుగా భూపాలపల్లి పోయే తొవ్వలో, గణపురం మండలంలో ఉన్న చెల్పూరు. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు. 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో మరో 600 కలుపుకుని, ఇప్పుడు 1100 మెగావాట్లు. భూపాలపల్లి సింగరేణి గనుల బొగ్గు వచ్చి కాలిపోతుంది, కరెంటు పుట్టి వెళ్లిపోతుంది, బూడిద ఒక్కటే ఎటూ పోకుండా ఉంటుంది. కెమెరా ఎక్కడ పెట్టినా ఫ్రేమ్ నిండుతుంది. ఒక పక్క ఆకాశంలోకి లేచిన పొగగొట్టం, ఇంకో పక్క పత్తి చేను, మిర్చి తోట. కాకతీయుల కాలం కావాలంటే గణపురం కోటగుళ్లు పక్కనే ఉన్నాయి, సెట్టు ఖర్చు మిగులుతుంది.

కథానాయకుడికి పేరు పెట్టకండి, సర్వే నంబరు చాలు. ఎకరం పది గుంటల భూమి. తాత కొన్నది, తండ్రి దున్నింది, తాను దున్నుతున్నది. కంప్యూటర్‌లో మాత్రం అది ఇంకెవరి పేరునో ఉంది, లేదా నిషేధిత జాబితాలో ఉంది, లేదా అసలు లేనే లేదు. ఈ మూడింటిలో ఏది పెట్టుకున్నా కథ మారదు. పాసుబుక్కు లేదు కాబట్టి రైతుబంధు రాలేదు. బ్యాంకు లోను ఇవ్వలేదు కాబట్టి సేటు దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. బిడ్డ పెండ్లికి ఓ గుంటెడో రెండు గుంటలో అమ్ముదామంటే కాగితం మీద అది అతనిదే కాదు. ఇప్పుడు ఈ మనిషి ఎవరిని బందీగా పట్టాలి? తుపాకి లేదు. ఒకప్పుడు ఈ అడవుల్లో అది తిరిగేది గానీ అప్పుడూ ఇతని చేతికి రాలేదు. ఆసుపత్రికి తాళం వేద్దామంటే తాళంకప్ప కొనే ధైర్యం కూడా చాలదు. చేతికి అందేంత దూరంలో, ఎదురుతిరగకుండా, పిలిస్తే వచ్చే బందీ ఒక్కడే. తానే.

పొగగొట్టం ఎక్కుదామంటే గేటు దగ్గర కాపలా. బీదవాడికి సెల్ టవరే దిక్కు. దానికి కాపలా ఉండదు, కంచెకు ఎక్కడో ఒకచోట కంత ఉండనే ఉంటుంది. రాసుకోండి డైలాగులు.

“దిగు కాకా, సారొచ్చిండు.”

“ఏ సారు?”

“ఎస్సై సారు.”

“ఎస్సై సారు పాసుబుక్కు ఇస్తడా? ఎమ్మార్వో సారును రమ్మనుండ్రి.”

“ఎమ్మార్వో సారు మీటింగుల ఉన్నడే.”

“అయిపోయేదాంక ఈడ్నే ఉంట తియ్. నాకేం తొందర లేదు. ఇన్నేండ్ల సంది కింద ఎదురుచూసిన, ఇయ్యాల మీద ఎదురుచూస్త.”

కింద జనం. సగం మంది ‘దిగు’ అంటున్నారు, ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు నిలువుగా పట్టి ‘ఇటు చూడు కాకా’ అంటున్నారు. భార్య పరుగున వచ్చి, “నీకు దండం పెడ్త, దిగు. భూమి పోతే పోనీ” అంటూ ఏడుస్తుంది. మాజీ ఒకాయన తెల్ల బట్టల్లో దిగి, టవరు పునాది మీద ఒక కాలు పెట్టి, పైకి చేయి చాపి ఫొటో దిగుతాడు. ఎట్టకేలకు డిప్యూటీ తహసీల్దారు ఫోన్‌లోకి వస్తాడు. స్పీకర్ ఆన్. “నీ పని వారంలో చేస్త, నాది హామీ.” మనిషి దిగుతాడు. నీళ్లు తాగిస్తారు, జీపెక్కిస్తారు. ఇంటర్వెల్.

ఇంటర్వెల్ తర్వాత కథ ఏముంటుందని దర్శకుడు అడుగుతాడు. ఏమీ ఉండదు. అదే దీనిలోని నేటివిటీ.

సినిమా చరిత్ర తెలిసినవాళ్లకు ఇక్కడొక సరదా సంగతి తగులుతుంది. 1975లో రెండు సినిమాలు వచ్చాయి. అక్కడ సిడ్నీ లుమెట్ ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ తీశాడు. 1972 ఆగస్టులో బ్రూక్లిన్‌లో నిజంగా జరిగిన బ్యాంకు ఘటన ఆధారంగా, అల్ పచినో బ్యాంకు సిబ్బందిని బందీలుగా పట్టి బయటి జనాన్ని తనవైపు తిప్పుకునే కథ. ఇక్కడ ‘షోలే’ వచ్చింది. వీరూ వేషంలో తాగిన ధర్మేంద్ర సీసా పట్టుకుని నీళ్ల ట్యాంకెక్కి, బసంతిని ఇస్తారా దూకమంటారా అన్నాడు. అక్కడివాడు డిమాండ్ కోసం ఎదుటివాడిని పట్టాడు, మనవాడు తనను తాను పట్టాడు. ఆ ఏడాదే రెండు దేశాల దారులు వేరైపోయాయి. తేడా ఏమిటంటే వీరూకి అక్కడికక్కడే బసంతి పిన్ని, ఆ మౌసి, ఒప్పుకుంది. ట్యాంకెక్కి అడిగింది దొరికిన మొట్టమొదటివాడూ చివరివాడూ అతనే అయి ఉంటాడు. యాభై ఏళ్లుగా మన టవర్లెక్కేవాళ్లంతా ఆ మౌసిని వెతుక్కుంటున్నారు. ఆమె ఎమ్మార్వో ఆఫీసులో పనిచేయదు.

మన తెలుగులోనే ఇంతకన్నా దగ్గరి కథ ఉంది. 1993లో శివనాగేశ్వరరావు తీసిన ‘మనీ’. అద్దె కట్టలేని ఇద్దరు నిరుద్యోగులు ఇంటి ఓనరు భార్యను ఎత్తుకుపోతారు. డబ్బివ్వకపోతే చంపేస్తామని బెదిరిస్తారు. చిక్కల్లా ఆ మొగుడికి ఆమె తిరిగిరావడమే ఇష్టం లేదు. బెదిరింపు ఫోను వస్తే లోలోపల పండగ. థియేటర్లో పడీ పడీ నవ్వాం. అది హాస్యం కాదు, రెవెన్యూ శాఖ మీద డాక్యుమెంటరీ అని అప్పుడు తెలీలేదు. చస్తానని రైతు బెదిరిస్తాడు. ఎవరిని? అతను లేకపోతే ఒక దరఖాస్తు తగ్గుతుందని లెక్కేసుకోగల బల్లను. బందీ చస్తే నష్టపోయేవాడు ఎదుట ఉంటేనే బెదిరింపుకు విలువ. ఆ ఇద్దరు కుర్రాళ్లకు ఈ సత్యం సినిమా అయ్యేలోపే అర్థమైంది, మన రైతుకు టవరు దిగాక గానీ అర్థం కాదు.

బందీకో రేటుంది. ప్రభుత్వాలు ఆ రేటు చూసే మాట్లాడతాయి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో, గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారులను పట్టుకుంది. అందులో ఎస్.ఆర్. శంకరన్ కూడా ఉన్నారు. వెట్టిచాకిరీలో మగ్గేవాళ్లను విడిపించడమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి తానే బందీ కావడంలోని విడ్డూరం అలా ఉంచండి. ఎన్టీఆర్ ప్రభుత్వం రోజుల వ్యవధిలోనే జైళ్లలోని నక్సలైట్లను వదిలింది. ఫైలు ఎంత వేగంగా కదలగలదో తెలుగు దేశం మొత్తం ఆ వారం చూసింది. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టరు, మన తెలుగాయన వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకున్నారు. హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ హరగోపాల్ మధ్యవర్తిగా వెళ్లారు. కూంబింగు ఆగింది, డిమాండ్లకు తల ఊపారు, 9 రోజుల్లో కలెక్టరు క్షేమంగా బయటికొచ్చారు. రావాలి కూడా. మంచి అధికారి అని అక్కడి ఆదివాసులే ఆయన కోసం ఊరేగింపులు తీశారు.

ఆయన బైకెక్కి పోయి బందీ అయిన చిత్రకొండ ప్రాంతం కథ మాత్రం ఇంకొకటి. 1970లలో బలిమెల జలాశయం నిండినప్పటి నుంచీ ఆ ఊళ్లు మూడు వైపులా నీళ్లతో, నాలుగో వైపు అడవితో బందీలు. రోగమొస్తే పడవ, బియ్యం కావాలంటే పడవ, కాన్పుకు పడవ. ఆ ఊళ్లను కలిపే గురుప్రియ వంతెన మీద మనుషులు నడిచింది 2018 జులైలో. కలెక్టరు బందీ అయితే 9 రోజులు, ఊళ్లకు ఊళ్లు బందీ అయితే నలభై ఏళ్ల పైచిలుకు. మధ్యవర్తిత్వం ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో లెక్క చూస్తే బందీల ధరల పట్టిక దానంతటదే తయారవుతుంది. అందులో అట్టడుగున, పేరు పక్కన రూపాయి గుర్తు కూడా లేకుండా, టవరు మీది రైతు.

ఈ పట్టికను తిరగరాయాలని ఒక్క హీరో ప్రయత్నించాడు. 2003లో ‘ఠాగూర్’ వచ్చినప్పుడు ఎమ్మార్వోలను మందగా ఎత్తుకుపోయి, వాళ్లలో పచ్చి లంచగొండిని ఏరి చంపే సీనుకు థియేటర్లో కాగితం ముక్కలు ఎగిరాయి. ఈలలు వేసినవాళ్లలో ఎమ్మార్వో ఆఫీసు గుమస్తాలూ ఉన్నారు. అందరి లెక్కా ఒకటే, ఆ లంచగొండి పక్క మండలంవాడు. సినిమాలో అది శుభ్రంగా ఉంటుంది. చంపాల్సినవాడు చెడ్డవాడని ముందే తేల్చేసి, వాడి ఇంట్లో ఎదురుచూసే పిల్లల్ని ఎడిటింగులో తీసేస్తారు.

2019 నవంబరు 4న హైదరాబాదు శివారు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఎడిటింగు లేకుండా జరిగింది. తహసీల్దారు విజయారెడ్డి ఆమె గదిలోనే, పట్టపగలు, మంటల్లో చనిపోయారు. కాపాడబోయిన డ్రైవరు చనిపోయాడు. భూమి తగాదాతో నిప్పుపెట్టినవాడూ చనిపోయాడు. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. ఈల వేసేందుకు ఎవరూ లేరు. అది నిస్సహాయత అని ఎవరైనా అంటే వాళ్లను ఆ డ్రైవరు ఇంటికి పంపాలి, అక్కడ చెప్పమనాలి.

కానీ ఆ ఘోరం నుంచి రాజ్యం నేర్చుకున్న పాఠం చూడండి, వ్యంగ్యం రాసేవాడి కడుపు నింపుతుంది. పాసుబుక్కులు ఎందుకు ఆగాయని ఎవరూ బల్ల గుద్దలేదు. బల్లకూ జనానికీ మధ్య దూరం ఎంతుండాలని కొలత తీశారు. కర్నూలు జిల్లా పత్తికొండలో ఆఫీసు గదికి అడ్డంగా తాడే కట్టారు. అర్జీదారు తాడుకు ఇవతల, అధికారి తాడుకు అవతల. కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి గేటు దగ్గర పోలీసులు సంచులు తడమడం మొదలుపెట్టారు. సంచిలో దరఖాస్తు ఉందా అని కాదు, సీసా ఉందా అని. లోపలికి పోయిన దరఖాస్తు ఏమైందో అడిగే నాథుడు లేడు గానీ, సీసా మాత్రం ఎప్పటికప్పుడు పరిష్కారమవుతుంది. స్వాధీనం చేసుకున్న ఫినాయిలుతో కలెక్టరేటు బాత్రూములన్నా శుభ్రంగా ఉండాల్సింది. అవీ లేవు.

తర్వాత ఏడాది, 2020 సెప్టెంబరులో, వీఆర్వోల వ్యవస్థనే ఎత్తేశారు. లంచాలు పోతాయన్నారు. అక్టోబరు 29న ధరణి పోర్టలు వచ్చింది. ఇక మనిషి ముఖం చూడక్కర్లేదు, అంతా మిషను చేస్తుందన్నారు. నిజంగానే ముఖం కనపడడం మానేసింది. ముందు కనీసం తిట్టడానికి ఓ మనిషుండేవాడు, కాళ్లు పట్టుకోవడానికి రెండు కాళ్లుండేవి. పోర్టలుకు కాళ్లు లేవు, మాడ్యూళ్లున్నాయి. పేరు తప్పుపడితే ఒక మాడ్యూలు, విస్తీర్ణం తగ్గితే ఇంకో మాడ్యూలు. ఏలిముద్ర తప్ప సంతకం రాని ముసలివాడు మీసేవ కౌంటరు ముందు నిలబడి “టీఎం 33ల పెట్టిన బిడ్డా, రిజక్టయింది” అని చెప్పే రోజు తెలంగాణకు వచ్చింది. డిజిటల్ అక్షరాస్యత అంటే ఇదే కాబోలు. ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి, తిరస్కరిస్తే కారణం ఉండదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ పెట్టాలి. తెల్లకాగితం మీద కొనుక్కున్న భూముల సాదాబైనామా దరఖాస్తులు అదే ఏడాది లక్షల్లో తీసుకుని, చట్టం చిక్కుల్లో ఏళ్ల తరబడి ఊరేశారు.

ప్రభుత్వం మారింది. పోర్టలును బంగాళాఖాతంలో కలుపుతామన్నారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. టెంటు కింద కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, మర్యాదగా ఏం అడిగారో తెలుసా? దరఖాస్తు. బంగాళాఖాతంలో కలిసింది పేరొక్కటే. ఒక్క మాట ఒప్పుకోవాలి, కొత్త చట్టంలో అప్పీలుకు ఓ దారి పెట్టారు, ధరణిలో అది కూడా లేక కోర్టుకే పోవాల్సి వచ్చేది. అప్పీలు పెట్టుకోవడానికి ముందు ఏం కావాలో ఊహించండి.

అదే ఆఫీసు, అదే సర్వేయరు ప్లాంటు కోసం భూమి తీసుకునేటప్పుడు మాత్రం ఎంత చురుగ్గా ఉంటారో చెల్పూరు లాంటి ఊళ్లకు చెప్పక్కర్లేదు. విద్యుత్ కేంద్రానికో, గనికో, కాలువకో కావాల్సి వస్తే హద్దులు గుంటలతో సహా కనపడతాయి, ఏ చెట్టు ఎవరిదో తెలుస్తుంది. రైతు తన పేరు రాయమంటే అదే భూమి మంచులో కలిసిపోతుంది.

దర్శకుడికి ఇంకా మలుపులు కావాలంటే 2021 జూన్‌ పేపర్లు తిరగేయమనండి. మెదక్ జిల్లా శివ్వంపేట మండలంలో ఒక రైతు పొలంలో కరెంటు షాకుతో చనిపోయాడు. 2018 ఆగస్టు నుంచి రాష్ట్రంలో రైతుబీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. ఇది ఒప్పుకోదగ్గ పథకం, ఎల్‌ఐసీ ద్వారా చకచకా ఇచ్చింది కూడా. ఒకటే షరతు, పాసుబుక్కుండాలి. ఆయనకు లేదు. ఊరివాళ్లు శవాన్ని తెచ్చి ఆఫీసు ముందు పెట్టారు, గొడవలో తహసీల్దారు మీద డీజిలు పోశారు. నిప్పంటుకోలేదు, అదృష్టం. బతికుండగా పాసుబుక్కు లేక ఏమీ రాలేదు, చచ్చాక పాసుబుక్కు లేక బీమా రాలేదు. తన్ను తాను బందీ పట్టినవాడు ప్రాణం విడిచినా డిమాండు తీరదని చట్టం ముందే రాసిపెట్టింది. ఏ హాలీవుడ్ స్క్రీన్‌ప్లేలోనూ ఇంత పకడ్బందీ ముడి చూడలేదు నేను.

ప్రాణమే తీసుకుంటే? దానికీ సెన్సారు బోర్డుంది. 2004లో జీవో 421, 2015లో జీవో 194. ఇంటివాళ్లకు పరిహారం మొదటిదానిలో లక్షన్నర, రెండోదానిలో 6 లక్షలు. కాకపోతే ఆ చావు అసలైన రైతు చావేనని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ ముగ్గురూ కూచుని నిర్ధారించాలి. అప్పు పత్రాలుండాలి, సేటు ప్రైవేటు అప్పుకు కాగితం ఇవ్వడు. భూమి పత్రాలుండాలి, కౌలు రైతుకు ఉండవు. మొగుడు పోయిన ఆడమనిషి ఆ ముగ్గురి ముందు నిలబడి, ఆయనకు తాగుడు లేదు, మా ఇద్దరికీ గొడవల్లేవు, పంట పోయి అప్పై పోయాడని సాక్ష్యం చెప్పాలి. సినిమాకైతే ‘యు’ సర్టిఫికెట్టో ‘ఎ’ సర్టిఫికెట్టో ఇస్తారు. ఇక్కడ ‘జెన్యూన్’ అనో, కాదనో ఇస్తారు.

‘జాన్ క్యూ’ లాంటి సినిమాల పోస్టర్ల మీద ‘సమాజపు ఒత్తిడి’ అని రాస్తారు. ఆ సమాజం ముఖం సినిమాలో ఎన్నడూ కనపడదు, పొగమంచులో నడిచే జనంలాగా చూపిస్తారు. మా వైపు దానికి ముఖాలున్నాయి, పేర్లున్నాయి, బండి నంబర్లున్నాయి. “నా పైసలు ఎప్పుడిస్తవే?” అని చౌరస్తాలో, నలుగురి ముందే, నవ్వుతూ అడిగే ఎరువుల దుకాణం సేటు. గ్రూపు లోను కిస్తీ కట్టలేదని మిగతా తొమ్మిది మంది ఆడవాళ్లను వెంటేసుకొచ్చి అరుగు మీద కూచునే మేడం. “మీ బావ బిడ్డకు కారు పెట్టిండ్రు, నువ్వు బండన్న పెట్టవా?” అనే వియ్యంకుడు. పత్తి పోయిన ఏడాదే బోరేయించి, నీళ్లు పడకపోయినా ఏనుమాముల మార్కెట్లో మీసం తిప్పిన పక్కింటాయన. వీళ్లెవరూ దుర్మార్గులు కారు. అందరూ టవరు దగ్గరికి పరుగెత్తుకొచ్చి ‘దిగు’ అని మనస్ఫూర్తిగా అరిచినవాళ్లే. మనిషిని పైకెక్కించిందీ వాళ్లే, దింపబోయిందీ వాళ్లే. ఇజ్జత్ పోతే బతికేదెట్లా అని నేర్పిందీ, ప్రాణం పోతే ఇజ్జత్ ఎందుకని పాఠం చెప్పిందీ ఒకే నోరు.

శివ్వంపేట ఘటన జరిగిన 2021 జూన్‌లోనే, రాజన్న సిరిసిల్ల జిల్లా రుద్రంగిలో ఒక మహిళ టవరెక్కలేదు, సీసా పట్టలేదు. భూమి తమ పేరున ఎక్కడం లేదని తిరిగి తిరిగి, తన పుస్తెలు తీసి తహసీల్దారు ఆఫీసు గేటుకు వేలాడదీసింది. ఇవ్వడానికి ఇదొక్కటే మిగిలింది, తీసుకొమ్మంది. ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. ఇంత బలమైన సీను మన డైరెక్టర్లెవరికీ తట్టలేదు. తట్టినా నిర్మాత ఒప్పుకోడు, సెంటిమెంటు దెబ్బతింటుందంటాడు. ఆఫీసువాళ్లు విచారణ చేస్తామన్నారు.

ఇదంతా చూసి ఢిల్లీకి కూడా జాలి కలిగింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత ఐపీసీలోని 309 సెక్షన్, అంటే ప్రాణం తీసుకోబోయి బతికినవాడిని జైల్లో పెట్టే సెక్షన్, కొత్త పుస్తకంలో లేదు. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి చికిత్స ఇప్పించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంతకుముందే చెప్పింది. చప్పట్లు కొట్టాల్సిన మార్పే. కొట్టబోతుంటే 226 కనపడింది. ప్రభుత్వోద్యోగి చేత పని చేయించడానికో, చేసే పని ఆపించడానికో ప్రాణం తీసుకోబోతే, ఏడాది దాకా సాదా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ.

మెల్లగా చదవండి. ఇంట్లో తలుపేసుకుని కుమిలిపోతే రోగం, గేటు ముందుకొచ్చి గొంతెత్తితే నేరం. సేటు వేధింపులు తాళలేక చేస్తే సానుభూతి, సర్కారు జాప్యం తాళలేక చేస్తే సమన్లు. దేశంలో ఎవరి మీదైనా అలిగి చావబోవచ్చు, జీతం తీసుకునే ఉద్యోగి మీద తప్ప. తనను తాను బందీ పట్టే మన దేశవాళీ కళకు పార్లమెంటు ఇన్నాళ్లకు అధికారిక గుర్తింపు ఇచ్చింది, ప్రత్యేకంగా ఓ నంబరు కేటాయించింది. పద్యానికి ఛందస్సు కుదిరినట్టు కుదిరింది. పాసుబుక్కు నంబరు దొరకనివాడికి సెక్షన్ నంబరైనా దొరికింది.

దీంట్లో ఇంటర్వెల్ తర్వాతి కథ కూడా దొరుకుతుంది. జీపెక్కిన మన సర్వే నంబరుగారిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారనుకోండి. వయసు చూసి, జైలెందుకని, సమాజ సేవ వేశారనుకోండి. ఎక్కడ చేయాలి? ఏ ప్రభుత్వాఫీసులోనో వారం రోజులు ఊడవాలి. ఎమ్మార్వో ఆఫీసుకే వేయమని దండం పెట్టి వేడుకుంటాడు మనవాడు. అర్జీదారుగా ఇన్నేళ్లలో తాడు దాటి లోపల అడుగుపెట్టనివ్వలేదు. ముద్దాయిగానైతే చేతికి చీపురిచ్చి, రికార్డు రూము తాళం తీసి మరీ పంపిస్తారు. కాస్త దుమ్ము దులిపితే ఏ బీరువా కింద ఉందో ఫైలు కనపడకపోదు.

“ఇగ దొర్కింది సారూ,” అని బయటికొచ్చి చూపిస్తాడు.

“మంచిది. మీసేవల ఎక్కియ్యి,” అంటాడు సారు.